లోడు కోసం కాచుకున్న గంటలు ఎవరి ఖాతాలో? పర్చూరు లారీ డ్రైవర్ల పనివేళలు, చట్టం, హాల్టింగు లెక్క

పర్చూరు నుంచి గుంటూరు మిర్చి యార్డు 60 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చిలకలూరిపేట మీదుగా లోడు లారీ నింపాదిగా నడిపినా రెండు గంటల దారి. కానీ సీజన్‌లో ఈ రెండు గంటల దారికి వెళ్లిన డ్రైవర్ ఒక్కోసారి మూడో రోజుకు గానీ ఇంటికి చేరడు. దారిలో ఏమీ జరగదు. లోడు ఎత్తే చోటో, దింపే చోటో బండి ఆగిపోతుంది. అలా ఆగిన టైముకు డబ్బు రాదు. సరైన నిద్రా ఉండదు. చట్టం లెక్కలో కూడా ఆ టైముకు స్పష్టమైన చోటు లేదు.

డ్రైవర్లు ఎన్ని గంటలు బండి నడపాలన్న చర్చ కొన్నేళ్లుగా ఢిల్లీలో గట్టిగానే నడుస్తోంది. పైలట్లకు ఉన్నట్టే లారీ డ్రైవర్లకూ డ్రైవింగ్ గంటలు నిర్ణయించాలని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబర్‌లో అన్నారు. రోజుకు 8 గంటల నిబంధన ఇప్పటికే ఉందని, దాన్ని అమలు చేసే మార్గం చూడాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో రోడ్డు భద్రత కేసులో కేంద్రానికి చెప్పింది. మంచిదే. అయితే పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట వైపు లారీ మీద బతికే ఏ ఇంట్లో అడిగినా ముందు వచ్చే మాట డ్రైవింగ్ గురించి కాదు. "లోడు ఇంకా కాలేదంట" అనేదే ఆ మాట.

పంటంతా బండెక్కాల్సిందే

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పర్చూరు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. నేల మాత్రం అదే నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ, పొగాకు, మొక్కజొన్న... వీటిలో ఊళ్లో తిని ఖర్చు చేసేది తక్కువ. దాదాపు అంతా బండెక్కి బయటికి పోవాల్సిందే. వాడరేవు, చీరాల వైపు నుంచి వచ్చే 167ఏ జాతీయ రహదారి పర్చూరు మీదుగా చిలకలూరిపేట వెళ్తుంది. అక్కడ చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల స్టీరింగు పట్టేవాళ్లు, మెకానిక్ షెడ్డు, పంక్చర్ షాపు పెట్టుకున్నవాళ్లు, పట్టాలు కుట్టేవాళ్లు ఎక్కువ. వాళ్లలో మన కుటుంబాలూ తక్కువేం లేవు.

పనంతా ఒకేసారి మీద పడడమే అసలు చిక్కు. పత్తి అక్టోబర్ చివర్లో మొదలై సంక్రాంతి దాటేవరకూ వస్తుంది. అది తగ్గేలోపే మిర్చి కోతలు అందుకుంటాయి. ఏప్రిల్ దాకా ఊపిరాడదు. బండ్లు, ముఠా కూలీలు, కాటాలు, గోడౌన్లు మాత్రం ఏడాది పొడుగునా ఎన్ని ఉంటాయో సీజన్‌లోనూ అన్నే. కొరత అంతా క్యూ రూపంలో బయటపడుతుంది. క్యూలో చివరన ఉండేది డ్రైవరే.

బండి ఎక్కడెక్కడ ఆగుతుంది

ముందు పత్తి సంగతి. కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) మద్దతు ధరకు కొనాలంటే పత్తిలో నిమ్ము 8 శాతం నుంచి 12 శాతం లోపు ఉండాలి. 8 దాటిన ప్రతి శాతానికీ ధర తగ్గుతుంది. 12 దాటితే తీసుకోరు. పొడుగు పింజ రకానికి 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాకు రూ.8,110. బయటి వ్యాపారి ఇచ్చేది దానికంటే తక్కువైనప్పుడు అందరూ సీసీఐ కొనే జిన్నింగ్ మిల్లు దగ్గరికే వస్తారు. 2025లో కపాస్ కిసాన్ యాప్ పెట్టి స్లాటు బుక్ చేసుకుని రమ్మన్నారు. దానితో రైతు ఏ రోజు రావాలో తెలిసింది గానీ, నిమ్ము మీటర్ ఏం చూపిస్తుందో ముందుగా తెలియదు కదా. నవంబర్‌లో తుపాను వాన పడిందంటే మీటర్ 14 చూపిస్తుంది. రైతు పత్తిని ఆరబోయాలి, లేదంటే తిప్పి తీసుకుపోవాలి. కిరాయి బండి డ్రైవర్ ఈ రెండిట్లో ఏది జరిగినా అక్కడే ఉండాలి. ఒప్పుకున్న కిరాయి మాత్రం ఒక ట్రిప్పుకే.

జిన్నింగ్ అయ్యాక పత్తి బేలు అవుతుంది. ఒక్కో బేలు 170 కిలోలు. వంద బేళ్లంటే 17 టన్నులు. ఈ బేళ్లు ఎక్కువగా కోయంబత్తూరు, దిండిగల్, రాజపాళయం వైపు స్పిన్నింగ్ మిల్లులకు పోతాయి. పొద్దున్నే రమ్మన్నారని బండి పెడితే ప్రెస్సింగ్ పూర్తి కాలేదంటారు. అది అయితే కొన్నవాళ్ల డబ్బు ఇంకా పడలేదంటారు. డబ్బు పడేసరికి ముఠా వాళ్లు ఇంకో బండి మీద ఉంటారు. అందరి ఆలస్యానికీ కారణాలుంటాయి. అవన్నీ కలిసి చివరికి లారీ క్యాబిన్‌లోకి చేరతాయి. పైగా పత్తి మిల్లు ఆవరణలో స్టవ్ వెలిగించనివ్వరు, నిప్పు భయం కాబట్టి వెలిగించకూడదు కూడా. డ్రైవర్ వండుకోవాలంటే గేటు బయటికి రావాలి. బయటికి వచ్చిన సమయంలో పిలుపు వస్తే వరస పోతుంది.

మిర్చిది ఇంకో తీరు. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్నది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. అందువల్ల ఆదివారం రాత్రి నుంచే టిక్కీల బండ్లు బారులు తీరతాయి. పొద్దున బేరాలు, తర్వాత కాటా, ఆ తర్వాత కొన్నవారి సరుకు బయటికి పోవడం. ఈ మూడిట్లో ఏది వెనకబడినా మిగతావి ఆగిపోతాయి. సరుకు లక్ష టిక్కీలు దాటి పోటెత్తిన రోజుల్లో, ఉన్నది ఖాళీ అయ్యేదాకా కొత్త సరుకు తేవద్దని యార్డు వాళ్లు సెలవు ప్రకటించడం మామూలే. ఆ ప్రకటన వచ్చేసరికి దారిలో ఉన్న బండి సంగతి ఎవరూ చెప్పరు.

ధరకూ క్యూకీ లంకె ఉంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించింది. ధర పడినప్పుడు అమ్మకం ఇష్టం లేని రైతు, వ్యాపారి ఇద్దరూ చూసేది కోల్డ్ స్టోరేజీ వైపే. అంటే యార్డులో రద్దీ తగ్గినట్టు కనిపించినా కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లైను పెరుగుతుంది. అక్కడ బస్తా బస్తా దింపి, నంబరు వేసి, అరల్లో సర్దాలి. ముఠా మనుషులు చేసే పని అది, వాళ్లూ ఎండలో ఒళ్లు హూనం చేసుకుంటున్నవాళ్లే. పొద్దుగూకితే వాళ్లు వెళ్లిపోతారు. అందని బండి రేపటికే.

ఇక అన్నిటికంటే పొడుగు నిరీక్షణ సరిహద్దులో. గుంటూరు ఎండుమిర్చి బంగ్లాదేశ్‌కు లారీల్లో పోయేది పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ మీదుగా. 2020 లాక్‌డౌన్‌లో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు, అంటే 2020 జులైలో, గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు 384 టన్నుల ఎండుమిర్చి తొలిసారి ప్రత్యేక పార్సిల్ రైల్లో వెళ్లింది. రోడ్డు మీద టన్నుకు రూ.7 వేలు అవుతుంటే రైలుకు రూ.4,608 అయిందని రైల్వే చెప్పింది. లారీ లైనులో నిలబడి పోగొట్టుకునే రోజుల విలువ ఈ రెండు అంకెల్లోనూ లేదు.

చట్టంలో ఉన్నది ఎంత

డ్రైవర్ గంటలకు హద్దు కొత్తగా వచ్చింది కాదు. 1939 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. తర్వాత వచ్చిన 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ఇంకా వివరంగా చెప్పింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. దూర ప్రయాణాలు, పండగ రద్దీ లాంటి సందర్భాల్లో అధికారుల అనుమతితో రోజుకు 10, వారానికి 54 దాకా. 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం. పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా, విరామాలు కలుపుకుని, 12 గంటలు మించకూడదు. ఒక రోజు డ్యూటీ దిగాక మళ్లీ ఎక్కేలోపు వరసగా 9 గంటలు విశ్రాంతి. వారానికో సెలవు. ఓవర్‌టైముకు మామూలు కూలికి రెట్టింపు. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా ఈ 1961 చట్టం గంటలనే చూపిస్తుంది. అంతేకాదు, డ్రైవర్ల పని గంటలు ముందే నిర్ణయించి రికార్డు పెట్టమని యజమానులను ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అయితే పని గంట అంటే ఏమిటో చెప్పే నిర్వచనం దగ్గర ఆగి చదవాలి. బండి నడిచే టైము పని గంటే. అనుబంధ పనులు పని గంటలే. ఇక టెర్మినల్‌లో ఊరికే కాచుకుని ఉండడం? పావుగంట లోపైతేనే పని గంట! 15 నిమిషాలు దాటి కాచుకుంటే ఆ లెక్కలో లేదు. రెండు ట్రిప్పుల మధ్య బస్టాండులో టీ తాగే బస్సు డ్రైవర్‌ను మనసులో పెట్టుకుని రాసినట్టుంది ఈ వాక్యం. మిల్లు గేటు ముందు 14 గంటలు కూర్చునే లారీ డ్రైవర్ అందులో కనపడడు.

అదే నిర్వచనాల్లో డ్రైవర్‌కు పనికొచ్చే మాటలు కూడా రెండున్నాయి. చాలామందికి తెలియవు. ఒకటి, బండిలోని సరుకు ఎత్తడం, దింపడానికి సంబంధించిన పని అనుబంధ పనిలోకి వస్తుంది. అంటే బస్తాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ డ్రైవర్, పట్టా కప్పి తాళ్లు బిగించిన డ్రైవర్ పనిలో ఉన్నట్టే. రెండోది, బండి ఆగిన టైమును నడక సమయం లోంచి తీసేయాలంటే, ఆ టైములో డ్రైవర్ తన ఇష్టం వచ్చినట్టు గడుపుకోగలగాలి. లేదా అనుబంధ పనిలో ఉండాలి. క్యూలో ఉన్న డ్రైవర్ సంగతి చూడండి. పది నిమిషాలకోసారి బండి ముందుకు జరపాలి. నిద్రపోతే వెనక హారన్లు. దిగి వెళితే నంబరు పోతుంది. అతను తన ఇష్టం వచ్చినట్టు ఉన్నాడని ఎవరనగలరు? చట్టం మాటలను బట్టి చూస్తే క్యూలో గడిచిన టైము పనే. కానీ ఆ మాట లేబర్ ఆఫీసులో నిలబెట్టాలంటే కాగితం కావాలి. మన లారీల్లో ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే మిషను లేదు, గేటు దగ్గర ఎప్పుడు వచ్చారో రాసే అలవాటూ తక్కువ.

ఇంకో మెలిక ఉంది. 1961 చట్టం ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనివాళ్లున్న రవాణా సంస్థలకే. ఒకటి రెండు లారీల ఓనర్లు, తన బండి తానే తోలుకునేవాళ్లు దానికి బయటే. పర్చూరు లాంటి చోట ఎక్కువమంది వాళ్లే. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1961 చట్టం వాటిలోని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. 8 గంటల రోజు అలాగే ఉంది. పావుగంట మాట కూడా అలాగే ఉంది. మారినది పరిధి. మోటారు రవాణా సంస్థ అంటే ఇప్పుడు పదిమంది, ఆపైన పనివాళ్లు ఉన్నది. ఐదు పది అయ్యింది. చిన్న ఓనర్ దగ్గర పనిచేసే డ్రైవర్ ఇంకాస్త దూరమయ్యాడు.

ఒక ట్రిప్పు లెక్క

పర్చూరు నుంచి కోయంబత్తూరు 850 కిలోమీటర్లు పైమాటే. సగటున గంటకు 45 కిలోమీటర్లు వేసుకుంటే 19 గంటల డ్రైవింగ్. సోమవారం పొద్దున 8కి బండి మిల్లులో పెట్టాడనుకుందాం. సాయంత్రం 4కి లోడింగ్ మొదలై 8కి పూర్తయింది. కాటా, కాగితాలు, పట్టా, తాళ్లు అయ్యేసరికి 9. అంటే పొద్దున్నుంచి 13 గంటలు. చట్టం చెప్పే 12 గంటల గడువు బండి స్టార్ట్ చేయకముందే దాటిపోయింది.

నియమం ప్రకారం 9 గంటలు పడుకుని మంగళవారం పొద్దున 6కి బయల్దేరాలి. మంగళవారం 8 గంటలు, బుధవారం 8 గంటలు నడిపితే 720 కిలోమీటర్లు. మిగతాది గురువారం పొద్దున. 9 గంటలకల్లా మిల్లు గేటు దగ్గర ఉంటాడు. కానీ ఫోనులో వచ్చే మాట "బుధవారం తెల్లారేసరికి ఉండాలి" అని. సోమవారం రాత్రి 9 నుంచి బుధవారం తెల్లవారి 5 దాకా 32 గంటలు. అందులో 19 స్టీరింగు మీదే పోతాయి. తిండి, డీజిల్, టోల్ గేట్లు, చెకింగ్, నిద్ర అన్నీ మిగిలిన 13లో సర్దుకోవాలి. దారిలో నగరం తగిలితే పగటిపూట భారీ వాహనాలకు ప్రవేశం ఉండదు, ఊరి బయట ఇంకో పడిగాపు. లోడింగ్‌లో ఎవరో పోగొట్టిన రోజును డ్రైవర్ రాత్రి నిద్ర అమ్మి తిరిగి కొంటున్నాడన్నమాట. తెల్లవారుజాము 2 నుంచి 5 మధ్య కళ్లు మూతలు పడే వేళ ఎంత ప్రమాదమో హైవే పక్కన ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇద్దరు డ్రైవర్లుంటే? ఉండాలనే ఒకప్పటి రూలు. నేషనల్ పర్మిట్ బండిలో కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉండేది. ఎవరూ పాటించడం లేదు, చెక్‌పోస్టుల దగ్గర మామూళ్లకు సాకవుతోందని ఓనర్ల గొడవ. 2018 నవంబర్‌లో ఆ నిబంధన తీసేశారు. మామూళ్ల బాధ కొంత తగ్గి ఉండొచ్చు. కానీ రెండో మనిషి పోయాక క్యూలో బండి జరపడానికీ, రాత్రి నడపడానికీ ఒక్కడే మిగిలాడు. చాలా బండ్లలో క్లీనర్ కూడా లేడు.

హాల్టింగు ఎవరికి చేరుతుంది

లోడు ఆలస్యమైతే ఇచ్చే డబ్బును మన దగ్గర హాల్టింగు అంటారు. మొదటి రోజు ఫ్రీ, ఆ తర్వాత రోజుకు ఇంత అని మాట్లాడుకోవడం వాడుక. నోటిమాట కాబట్టి సరుకు యజమాని బ్రోకర్‌ను చూపిస్తాడు, బ్రోకర్ అటు వేలు చూపిస్తాడు. ఒకవేళ వచ్చినా అది లారీ ఓనర్‌కు. డ్రైవర్‌కు చేరేది బత్తా రూపంలో కొంత, అదీ ఓనర్ మనసును బట్టి.

ఓనర్‌ను మాత్రమే తప్పు పట్టలేం. నెలకు రూ.60 వేలు కిస్తీ ఉన్న బండి అనుకుంటే, నిలబడ్డ రోజుకు రూ.2 వేలు ఫైనాన్స్ కంపెనీకి రాసిచ్చినట్టే. ఇన్సూరెన్స్, ట్యాక్సు దీనికి అదనం. ఇక డ్రైవర్ వైపు చూడండి. ట్రిప్పుకు రూ.5 వేలు మాట్లాడుకున్నాడు, ట్రిప్పు 6 రోజులు. నెలకు 5 ట్రిప్పులు, రూ.25 వేలు. ప్రతి ట్రిప్పులో రెండు రోజులు నిరీక్షణ కలిస్తే ట్రిప్పు 8 రోజులవుతుంది. నెలకు నాలుగు ట్రిప్పులు కూడా పడవు. చేతికొచ్చేది రూ.18,750. దారి ఖర్చు మాత్రం పెరిగింది. అంకెలు ఉదాహరణకే, ఎవరి ఇంటి లెక్క వాళ్లు వేసుకోవచ్చు. సరుకు మీద ఒక్క రూపాయి తగ్గకుండా, నెలకు రూ.6,250 డ్రైవర్ ఇంట్లో తగ్గింది. నెలజీతం పద్ధతి అయితే ఈ నష్టం ఓనర్ మీద పడుతుంది, అందుకే చాలామంది ట్రిప్పు పద్ధతే ఇష్టపడతారు.

అసోసియేషన్ సీరియల్ పద్ధతి ఉన్న చోట ఇంకో నిరీక్షణ ఉంటుంది. నంబరు వచ్చేదాకా లోడు రాదు. అది అందరికీ వంతు దొరకడానికి పెట్టుకున్న ఏర్పాటు, మంచిదే. కానీ ఆ రోజులూ డ్రైవర్ ఖాతాలోనివే.

ఈ-వే బిల్లు గడువు

రూ.50 వేలు దాటిన సరుకు వ్యాపారి పంపితే ఈ-వే బిల్లు ఉండాలి. 2021 జనవరి 1 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. 850 కిలోమీటర్లకు 5 రోజులొస్తాయి కాబట్టి దూరపు ట్రిప్పులో పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా దగ్గరి ట్రిప్పులోనే. పర్చూరు నుంచి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి ఒక్క రోజే. మొదటి రోజు గడువు బిల్లు తీసిన మర్నాడు అర్ధరాత్రికి ముగుస్తుంది. సోమవారం మధ్యాహ్నం తీస్తే మంగళవారం రాత్రి 12 దాకా. బుధవారం ఇంకా గేటు బయట లైన్లో ఉంటే గడువు తీరిన కాగితంతో రోడ్డు మీద ఉన్నట్టే. తనిఖీలో పట్టుకుంటే సరుకు మీద పన్నుకు రెట్టింపు పెనాల్టీ పడే అవకాశం ఉంది, బండీ ఆగుతుంది.

దీనికి మందు ఉంది. గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల దాకా పోర్టల్‌లో పొడిగించుకోవచ్చు. ఆ పని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు చేయాలి. డ్రైవర్ చేయాల్సింది ఒక్కటే, రాత్రి పడుకునే ముందు ఆఫీసుకు ఫోను చేసి "ఇంకా దింపలేదు, గడువు పెంచండి" అని చెప్పడం. బండి నంబరు ఎక్కించి బిల్లును లోడు పూర్తయ్యాకే తీయమని అడగడం ఇంకా మేలు. లోడింగ్ మొదలు కాకుండానే బిల్లు తీసేస్తే గడువు మిల్లు ఆవరణలోనే కరిగిపోతుంది.

రోజాలు, సీజను ఒకేసారి

ఈ కొన్నేళ్లుగా రంజాన్ నెల సరిగ్గా మిర్చి సీజన్‌లో పడుతోంది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలైంది. 2026లో ఫిబ్రవరి మూడో వారం. ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ 2030 నాటికి జనవరి మొదటికి చేరుతుంది, అప్పుడు పత్తి బేళ్ల రద్దీ. ఇఫ్తార్ వేళకు కోల్డ్ స్టోరేజీ గేటు ముందు క్యాబిన్‌లోనే ఖర్జూరం, నీళ్లతో రోజా విప్పేవాళ్లు, సహరీకి హోటల్ తెరిచి ఉండక రాత్రి కొన్న అరటిపళ్లతో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది.

ముసాఫిర్‌కు రోజా వాయిదా వేసుకునే, నమాజ్ కస్ర్ చేసుకునే వెసులుబాటు ఉందని అందరికీ తెలుసు. అయితే హనఫీ ఉలమా చెప్పే దూరం సుమారు 77, 78 కిలోమీటర్లు. కోయంబత్తూరు వెళ్లే డ్రైవర్‌కు సందేహం లేదు. పర్చూరు నుంచి గుంటూరు వెళ్లి రెండు రోజులు లైన్లో ఇరుక్కున్న డ్రైవర్ ఆ దూరంలోకి రాడు. ఇంటికి దూరంగా, ఎండలో, నిద్ర లేకుండా ఉన్నా లెక్క ప్రకారం ముసాఫిర్ కాకపోవచ్చు. ఒంట్లో బాగాలేకపోవడం, నడిపేటప్పుడు కళ్లు తిరగడం లాంటివి వేరే మసాయిల్. ట్రిప్పుకు ముందే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడిగి పెట్టుకోవడం మంచిది. రోజాతో ఉన్న మనిషికి అసర్ తర్వాత లోడు ఎక్కించి రాత్రికి రాత్రి పొమ్మనడం గురించి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు, అది ఓనరే ఆలోచించుకోవాలి.

బయటి దేశాల్లో

యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా. లారీలో టాకోగ్రాఫ్ అనే మిషను అన్నీ రాసి పెడుతుంది. అమెరికాలో 10 గంటల విశ్రాంతి తర్వాత మొదలయ్యే 14 గంటల్లోపే 11 గంటల డ్రైవింగ్ అయిపోవాలి. 2017 డిసెంబర్ నుంచి దీన్ని ఎలక్ట్రానిక్‌గా నమోదు చేయడం తప్పనిసరి. అక్కడా చిక్కు ఇదే. గోడౌన్ ముందు కాచుకున్నా ఆ 14 గంటల గడియారం ఆగదు. డ్రైవింగ్‌కు హద్దు పెట్టి, లోడింగ్‌కు పెట్టకపోతే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలిసొచ్చింది.

జపాన్ ఇంకో వైపు నుంచి వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి డ్రైవర్ల ఓవర్‌టైమును ఏడాదికి 960 గంటలకు పరిమితం చేశారు. దానికి ముందే, 2023లో, లోడింగ్, అన్‌లోడింగ్, వాటికోసం నిరీక్షణ అన్నీ కలిపి రెండు గంటల్లో ముగించాలని సరుకు యజమానులకు మార్గదర్శకాలు ఇచ్చారు. బాధ్యత గేటు లోపలున్న వాళ్ల మీద కూడా పెట్టడం అందులో చూడాల్సిన సంగతి. మన దగ్గర ఎనిమిది గంటల మాట ఎత్తినప్పుడల్లా మాట్లాడేది డ్రైవర్, ఓనర్ గురించే. మిల్లు, కోల్డ్ స్టోరేజీ, వ్యాపారి పేరు రాదు.

ఇప్పటికి చేయగలిగింది

క్యాబిన్‌లో ఏసీ 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు తప్పనిసరి అయింది. పాత బండ్లకు వర్తించదు. ప్రభుత్వ రంగ ఆయిల్ కంపెనీల కొన్ని బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లు పడుకోవడానికి మంచాలు, స్నానాల గదులు పెట్టారు. దూరపు ట్రిప్పుల వాళ్లు దారిలో ఎక్కడున్నాయో తెలుసుకుని ఉంచుకోవాలి. లైన్లో నిలబడ్డవాళ్లకు మాత్రం అవి అందవు.

కాబట్టి కాగితం దగ్గరికే రావాలి. బండి గేటుకు చేరిన టైము గేట్ పాస్ మీద రాయించుకోవాలి. రాయకపోతే గేటు, బండి నంబరు కనిపించేలా ఫోనులో ఫొటో తీస్తే టైము దానిలోనే ఉంటుంది. ఖాళీ బండి కాటా చీటీ, లోడు కాటా చీటీ రెండిటి మీదా టైము ఉంటుంది, ఆ రెండిటి మధ్య తేడాయే లోడింగ్‌కు పట్టిన కాలం. హైవే మీద వెళ్తే ఫాస్టాగ్ మెసేజ్ కూడా సాక్ష్యమే. బొల్లాపల్లి టోల్ దగ్గర డబ్బు కట్ అయిన టైము ఓనర్ ఫోనులో ఉంటుంది. హాల్టింగు ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, రోజుకు ఎంత, అందులో డ్రైవర్‌కు ఎంత అనేది లోడుకు ముందే వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. నోటిమాటకు లేని బలం దానికి ఉంటుంది. ఓనర్ దగ్గర పదిమంది పనివాళ్లుంటే గంటలు, ఓవర్‌టైము సంగతి లేబర్ ఆఫీసులో అడగొచ్చు. తక్కువ మందే ఉన్నా బకాయి జీతం గురించి అడగొచ్చు.

ఇంట్లోవాళ్లకూ ఒక పని ఉంది. చాలా ఇళ్లలో రాత్రి ఫోను చేసి "ఎక్కడి దాకా వచ్చావు?" అని అడుగుతారు. దాని బదులు "ఎప్పుడు పడుకున్నావు?" అని అడిగితే, మిల్లులో ఎన్ని గంటలు నిలబెట్టారో అదే జవాబులో బయటికొస్తుంది. ఆ టైములు ఒక నోటుబుక్కులో భార్యో పెద్ద కొడుకో రాసి పెడితే, నెలాఖరుకు ఓనర్‌తో లెక్క చూసుకునేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. అప్పటికి కోల్డ్ స్టోరేజీల ముందు లైన్లు కరిగిపోతాయి. బండ్లు బ్రేకులు, కమాన్‌పట్టీలు, టైర్ల కోసం షెడ్ల ముందు వరస కడతాయి. అక్కడా వంతు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. బండి దగ్గర ఉండేది డ్రైవరే, ట్రిప్పు లేదు కాబట్టి ఆ రోజులకూ లెక్క లేదు.